బూడిదలో మిగిలిన నేత

(తుపాను, తేదీలు, సామాను, పని తీరు వాస్తవం. మనుషులూ సంభాషణలూ పునఃసృష్టి. అందుకే ఎవరికీ పేరు పెట్టలేదు.)

2023 డిసెంబరు 5, మంగళవారం. మధ్యాహ్నం పన్నెండున్నర.

సరుగుడు తోపు తెల్లవారుజాము నుంచి ఈల వేస్తూనే ఉంది. చీరాల పక్కన ఓడరేవులో బోట్లన్నిటినీ ముందురోజే ఇసుక మీదికి లాగి, చెట్లకు తాళ్ళు బిగించారు. ఇంజిన్లు ఊడదీసి ఇళ్ళకు మోసుకెళ్ళారు. వలలు చుట్టి గోతాల్లో కుక్కారు. ఇక చెయ్యగలిగింది తలుపులేసుకుని కూర్చోవడమే. మిగ్‌జాం తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటుతోంది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఉండుండి 110.

రెండున్నరకల్లా తుపాను తీరం దాటేసింది. ఆ రెండు గంటల్లో ఎక్కడో ఒక తాడు తెగింది.

మర్నాడు ఒక బోటు యజమాని వెళ్ళి చూస్తే, పక్క బోటు ముక్కు తన బోటు డొక్కలో దిగబడి ఉంది. ఎడమ పక్క, నీటి గీతకు దిగువన, జానెడు రంధ్రం. దాని చుట్టూ సాలెగూడులా చీలికలు. పడమటి వైపు ఊళ్ళలో అదే రోజు రైతులు నానిన పత్తిని, నీళ్ళు నిలిచిన మిరప చేలను చూసుకుంటున్నారు. ఎవరి గుండె వాళ్ళు పట్టుకుని నిలబడ్డ ఉదయం అది.

బోటు వయసు పద్దెనిమిదేళ్ళు. 2004 డిసెంబరు 26 సునామీకి ముందు వాళ్ళ నాన్నది కట్టె తెప్ప. నాలుగు దుంగలు తాళ్ళతో కడితే తెప్ప, విప్పితే దుంగలు. దానికి రిపేరంటే కొత్త తాడు, లేదా కొత్త దుంగ. సునామీ తర్వాత సాయంగా వచ్చింది ఈ ఫైబర్ బోటు. అంతకు చాలా ముందే, 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ తూర్పు తీరపు అలలను తట్టుకుని ఇసుకలోకి ఎక్కగల ఫైబర్ పడవల నమూనాలు కట్టించి చూసింది. కానీ ఇంటింటికీ ఫైబర్ వచ్చింది మాత్రం సునామీ తర్వాతే. బోటు ఇచ్చినవాళ్ళు ఇంజిన్ ఎలా తిప్పాలో చెప్పారు, వల ఇచ్చారు. డొక్క చీలితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

పైన తేజ, కింద తాలు

జనవరిలో ఒక కుర్రాడు వచ్చి అతుకు వేసిపోయాడు. అరపూట పని. రంధ్రం చుట్టూ ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, గాజు పోగుల మ్యాట్ ముక్క ఒకటి పరిచి, దాని మీద రెజిన్ జిగురు కుమ్మరించి, పుట్టీ పెట్టి, నీలం రంగు కొట్టాడు. అద్దంలా మెరిసింది. బోటు మళ్ళీ వేటకు పోయింది. మార్చికల్లా ప్రతి వేటకూ రెండు బకెట్ల నీళ్ళు తోడాల్సి వచ్చేది. ఒకరోజు అల మీద నుంచి బోటు దబ్బున కిందపడ్డప్పుడు, అతుకు ఒక అంచున లేచి, పెదవి తెరిచినట్టు తెరుచుకుంది.

ఆ రోజు అతని బావమరిది ఇంటికొచ్చి ఉన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో పని. లేచిన అతుకును గోటితో గీకి చూసి నవ్వాడు.

"ఏముంది బావా, బస్తా పైన తేజ కాయ, కింద తాలు. యార్డులో అయితే బస్తా లోపలి కాయ లాగి చూస్తాం. నువ్వు రంగు చూసి డబ్బులిచ్చావు."

మగ్గం దిగిన మేస్త్రీ

2024 ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపలకు గుడ్ల కాలం, ఒడ్డున బోట్లకు రిపేర్ల కాలం. అతను వేటపాలెం వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాడు. ఆయన చిన్నప్పుడు మగ్గం నేశాడు. నేత కూడు పెట్టకపోయేసరికి ఫైబర్ పనిలో దిగాడు. ఆయన సంచిలో గ్రైండర్, బ్రష్షులు, పళ్ళున్న ఇనప రోలర్‌తో పాటు ఒక పాత రూపాయి బిళ్ళ ఉంటుంది.

వచ్చీ రాగానే అతుకు వైపు చూడనైనా లేదు. బిళ్ళతో బోటంతా కొడుతూ చెవి పెట్టి నడిచాడు. టంగ్, టంగ్, టంగ్. రంధ్రానికి మూరెడు దూరంలో ఉన్నట్టుండి శబ్దం మారింది. డబ్. మళ్ళీ కొట్టాడు. డబ్, డబ్. సుద్దముక్కతో గీత గీశాడు. చుట్టూ తిరిగి గీతలు కలిపితే, జానెడు రంధ్రం చుట్టూ పెద్ద గుమ్మడికాయంత మేర తేలింది.

"ఇక్కడ పొరలు విడిపోయినయ్ అబ్బాయ్. పైకి కనపడదు. ఇదంతా కోసెయ్యాలి."

"ఇంతా? రంధ్రం జానెడే గదా బాబాయ్!"

"రంధ్రం నీకు కనపడేది. నీళ్ళకి కనపడేది ఇది."

అతని ప్రాణం విలవిల్లాడింది. చేతిలో డబ్బు తక్కువ, కోత చూస్తే ఎక్కువ. తన లెక్క చెప్పాడు. పది కిలోల రెజిన్ తెప్పిస్తాను, మందంగా పోసెయ్యి, ఈసారి కదలకూడదు.

మేస్త్రీ ఏమీ అనలేదు. డొక్కలోంచి అరచేయంత ముక్క ఒకటి కోసి తీసుకున్నాడు. జనవరిలో వేసిన అతుకులోంచి అంతే ముక్క ఇంకొకటి. "గాలికి ఎదురుగా నిలబడమాక. పొగ మంచిది కాదు" అని, రెండిటినీ ఇసుకలో పెట్టి నిప్పంటించాడు.

నిప్పు చెప్పిన లెక్క

పాలిస్టర్ రెజిన్ మండితే నల్లటి పొగ, మసి పేలికలు. కాసేపటికి మంట తగ్గింది. రెజిన్ కాలిపోతుంది. గాజు కాలదు. చల్లారాక మేస్త్రీ బోటు ముక్కను అరచేతిలోకి తీసుకుని మెల్లగా ఊదాడు. బూడిద ఎగిరి, కింద తెల్లటి గుడ్డ పొరలు బయటపడ్డాయి. చీపురు పుల్లతో ఒక్కొక్కటీ లేపాడు.

మొదటిది చిందరవందర పోగుల పొర. దూదేకిన పరుపు లోపల ఎలా ఉంటుందో అలా. అది మ్యాట్. రెండంగుళాల పొడవున నరికిన గాజు పోగుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి, జిగురు పొడితో పట్టించి చేస్తారు. రెండోది మందపాటి నేత. పడుగు, పేక స్పష్టంగా ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతున్నాయి. అది రోవింగ్. మేస్త్రీ వేలు ఆ నేత మీద ఆగింది.

"చూశావా, సాదా నేత. ఒకటి మీద, ఒకటి కింద. పడుగూ పేకా సమానం." తర్వాత మళ్ళీ మ్యాట్, మళ్ళీ రోవింగ్. లెక్కపెడితే నాలుగు మ్యాట్లు, మూడు రోవింగులు. ఏడు పొరలు. ఆరు మిల్లీమీటర్ల డొక్క.

జనవరి అతుకు ముక్కను ఊదితే గాలికి దాదాపు అంతా పోయింది. మిగిలింది ఒక్క పొర మ్యాట్. అది కూడా పల్చగా, ఈగ రెక్కలా.

అతను రెండు అరచేతుల వైపూ మార్చి మార్చి చూశాడు. రెండూ ఒకే మందం ముక్కలు. ఒకదాంట్లో ఏడు పొరల దారం. ఇంకోదాంట్లో ఒకటి, మిగతాదంతా జిగురు.

"పడుగుకి గంజి పెడతాం గదా" అన్నాడు మేస్త్రీ. "గంజి ఎందుకు? పోగులు విడిపోకుండా, ఒకదానికొకటి పట్టుకుని ఉండటానికి. గంజి కుండెడు పోస్తే చీర గట్టి పడిద్దా? పెళుసయ్యి మడత దగ్గర పగిలిద్ది. రెజిన్ కూడా గంజే. బలం దారానిది."

నిజంగానే ఫైబర్ సంగతంతా ఈ మాటలో ఉంది. 1930ల్లో అమెరికాలో గాజును సన్నటి పోగులుగా ఊది తీయడం చేతనయ్యాక, దానికి పాలిస్టర్ రెజిన్ తోడయ్యాక, 1940ల నుంచి పడవలు కట్టారు. గాజు ఒక్కటే అయితే గుడ్డ. రెజిన్ ఒక్కటే అయితే పెంకు. లాగుడును దారం భరిస్తుంది. ఆ దారాలన్నిటికీ బరువు సమానంగా పంచేది రెజిన్. పాళ్ళు తప్పితే బోటు మందంగా, బరువుగా, పెళుసుగా తయారవుతుంది.

మేస్త్రీ ఇసుక మీద పుల్లతో లెక్క రాశాడు. డొక్క మందం ఆరు మిల్లీమీటర్లు. అతుకు అంచు నిట్టనిలువుగా ఉంటే అక్కడే విరుగుతుంది. అంచును పళ్ళెంలా ఏటవాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండింతలు వాలు. అంటే రంధ్రం చుట్టూ ఏడు సెంటీమీటర్ల వరకు మంచి ఫైబర్‌ను కూడా అరగదీయాల్సిందే. కొత్త పొరలకు పాత బోటు పట్టు ఇచ్చేది ఆ వాలు మీదే. పాత రెజిన్ ఎప్పుడో గట్టిపడిపోయింది. కొత్తది దాంతో కరిగి కలిసిపోదు, అంటుకుంటుందంతే. అంటుకునే మేర ఎంత ఎక్కువుంటే అతుకు అంత నిలుస్తుంది.

ఒక్కో పొర సగటున పావు చదరపు మీటరు. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ నాలుగు పొరలు, మొత్తం 450 గ్రాములు. 610 గ్రాముల రోవింగ్ మూడు పొరలు, దాదాపు 460 గ్రాములు. మ్యాట్ దూదిలాంటిది, బాగా తాగుతుంది. కిలోకు రెండు నుంచి రెండున్నర కిలోల రెజిన్ పడుతుంది. బిగువుగా ఉండే రోవింగ్‌కు కిలోకు కిలో చాలు. అన్నీ కలిపితే రెజిన్ కిలోన్నర.

"వృథా కలుపుకుని మూడు కిలోలు తీసుకురా. ఆ పది కిలోల డబ్బుల్లో మిగిలింది మంచి రెజిన్‌కి పెట్టు."

గుంటూరు కొట్టులో

గుంటూరులో కొట్టు ముందు మిర్చి లారీ ఆగి ఉంది. ఘాటుకు దుకాణంలో అందరూ తుమ్ముతున్నారు. మేస్త్రీ ముందుగా మ్యాట్ చుట్టను పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేళ్ళతో నలిపాడు. తడి తగిలిన మ్యాట్ రెజిన్‌ను తాగదు, తెల్లగా ఉండిపోతుంది. చుట్ట నేల మీద కాక చెక్కల మీద ఉందో లేదో వంగి చూశాడు.

తర్వాత రెజిన్. కొట్టువాడు మామూలు రకం డబ్బా ముందుకు తోశాడు. వాటర్ ట్యాంకులకీ, తలుపులకీ అదే పోతుందట.

"ఇది నీళ్ళలో ఉండే బోటయ్యా. ఐసో ఉంటే చెప్పు."

పాలిస్టర్ రెజిన్‌లో రెండు రకాలు తరచు దొరుకుతాయి. చవకగా వచ్చేది ఆర్థో, కొంచెం ఖరీదు ఐసోఫ్తాలిక్. గట్టిపడ్డాక నీటిని తక్కువగా పీల్చేది ఐసో. ఎప్పుడూ తడిలో నానే అడుగుకు ఆ తేడా ఏళ్ళ మీద తెలుస్తుంది. నీళ్ళు మెల్లగా పొరల్లోకి దిగి బొబ్బలు లేవడం ఆర్థోలో ఎక్కువ.

"బాబాయ్, ఎపాక్సీ అయితే ఇంకా గట్టిదంటున్నారు గదా?" అతనికి మళ్ళీ ఆశ.

"గట్టిదే. పట్టూ ఎక్కువే. చెక్క బోటయితే అదే వాడమంటాను. కానీ ఖరీదెక్కువ. పైగా మన మ్యాట్‌లో పోగుల్ని పట్టించిన జిగురు పాలిస్టర్‌లో కరిగిద్ది, ఎపాక్సీలో కరగదు. మ్యాట్ బిర్రుగా ఉండి వంపు తిరగదు. రేపు దాని మీద పైపూతగా పాలిస్టర్ జెల్ కోట్ వేస్తే సరిగా పట్టదు. ఎపాక్సీ మీద మళ్ళీ ఎపాక్సీనే వెయ్యాలి. ప్రతి రిపేరుకీ కొనగలవా?"

డబ్బా తిప్పి తయారీ తేదీ చూశాడు. రెజిన్‌కు ఆయుష్షు నెలల్లోనే. మన ఎండకు రేకుల షెడ్డులో ఉంచితే అంతకన్నా ముందే చిక్కబడిపోతుంది. పాతదని పక్కన పెట్టి, లోపలి నుంచి కొత్త డబ్బా తెప్పించాడు.

చివరికి కొట్టు కుర్రాడు రెండు సీసాలు ఒకే క్యారీబ్యాగులో వేశాడు. ఒకటి రెజిన్‌ను గట్టిపరిచే, నీళ్ళలా తెల్లగా ఉండే హార్డ్‌నర్, ఇంకోటి ఆ పనిని వేగిరం చేసే ఊదారంగు కోబాల్ట్. అంతవరకు నిదానంగా ఉన్న మేస్త్రీ ఒక్క ఉదుటున సంచి లాక్కుని సీసాలు వేరుచేశాడు.

"ఈ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటయ్ రా. మంట గాదు, పేలుడే. రెజిన్‌లో కోబాల్ట్ ముందుగానే కలిపి వస్తే మనకా సీసా అసలొద్దు." డబ్బా మీద చూశాడు. కలిపే ఉంది. ఊదా సీసా వెనక్కిచ్చేశాడు. హార్డ్‌నర్ సీసాను మాత్రం గుడ్డలో చుట్టి నిలువుగా పట్టుకున్నాడు. ఆ మందు చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. అందుకే కళ్ళజోడు కూడా కొనిపించాడు.

తెల్లవారుజాము పని

మే నెల. ఎన్నికల పోలింగు రోజు మే 13 దాటింది. పగలు ఇసుక మీద కాలు పెట్టలేం. వేడి పెరిగేకొద్దీ రెజిన్ త్వరగా గట్టిపడుతుంది. ఇంత ఎండలో కలిపితే బ్రష్ ముంచేలోపు మగ్గులోనే గడ్డ కడుతుంది. అలాగని హార్డ్‌నర్ మరీ తగ్గిస్తే పొర ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. నూటికి ఒక పాలుకు తగ్గకూడదు, రెండు పాళ్ళు మించకూడదు. వేడిని తగ్గించలేం కనక వేళను మార్చాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలు.

అప్పటికి బోటును మంచినీళ్ళతో కడిగి, ఉప్పంతా పోగొట్టి, వారం ఎండబెట్టారు. లోపలి గదిలో తేలడానికి పెట్టిన థర్మాకోల్ దిమ్మెలు నీళ్ళు తాగి బండల్లా తయారయ్యాయి. వాటిని తీసి కొత్తవి పెట్టాలి. పనిలో పనిగా వాటి మీద కూడా రెజిన్ పూస్తే గట్టిగా ఉంటాయి కదా అన్నాడతను. మేస్త్రీ చిన్న ముక్క విరిచి మీద చెంచాడు రెజిన్ పోశాడు. మంచుముక్క మీద వేడి నీళ్ళు పోసినట్టు థర్మాకోల్ కుంగి, కరిగి, బంకయిపోయింది. రెజిన్‌లో ఉండే స్టైరీన్ చేసే పని అది. దిమ్మెల్ని మందపాటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టారు.

లోపలి వైపు ప్లాస్టిక్ కాగితం చుట్టిన ప్లైవుడ్ చెక్క ఆనించి బిగించారు. ముందు మ్యాట్. పాత ఫైబర్ మీద మొదటి పొర ఎప్పుడూ మ్యాటే. దాని పోగులు గరుకు సందుల్లో కూరుకుంటాయి. నేత మీద నేత వేస్తే ఎత్తులు ఎత్తుల మీద నిలబడి, మధ్యలో ఉత్త జిగురు మిగిలి, ఎప్పుడో ఒకప్పుడు పొరలుగా ఊడతాయి. అందుకే మ్యాట్, రోవింగ్, మళ్ళీ మ్యాట్.

అర కిలో రెజిన్‌కు ఐదు గ్రాముల హార్డ్‌నర్. బ్రష్‌తో ఈడ్చకుండా పొడుస్తూ తడిపారు. లాంతరు వెలుగులో తెల్లటి మ్యాట్ తడిసేకొద్దీ కనపడకుండా పోవడం మొదలైంది. బియ్యపుగంజి రంగు, తర్వాత గాజు రంగు, తర్వాత కింది పొర రంగు. ఎక్కడ తెల్లమచ్చ కనపడితే అక్కడ గాలి ఉన్నట్టు. రోలర్ దొర్లిస్తే చిట్‌చిట్‌మని బుడగలు పగిలేవి. అతను మగ్గుతో ఇంకొంచెం పోయబోతే మేస్త్రీ చేయి పట్టుకున్నాడు.

"తడిసింది చాలు. కారితే ఎక్కువైనట్టే."

నాలుగు పొరలయ్యాక ఆపాడు. అన్నీ ఒకేసారి వేస్తే లోపలి వేడి బయటికి పోక పొర బీటలిస్తుంది. నమ్మకం కుదరకపోతే అటు చూడమని పక్కన పెట్టిన మగ్గు చూపించాడు. అడుగున మిగిలిన గుప్పెడు రెజిన్ దానంతటదే సన్నగా పొగలు కక్కుతోంది. మిగతా మూడు పొరలు మర్నాటి తెల్లవారుజామున, పాత పొర ఇంకా కాస్త జిగటగా ఉండగానే వేశారు. ఆ జిగట ఉంటే కొత్త పొర కలిసిపోతుంది. రోజులు గడవనిస్తే మళ్ళీ అరగదీయాలి. అన్నిటికన్నా పైన, మైనం కలిపిన జెల్ కోట్.

పుట్టీ డబ్బా తెరవనే లేదు.

ఆ రెండు రోజులూ అతని చేతులు, మెడ మంట పుట్టాయి. గ్రైండర్ దుమ్ములోని గాజు నలుసులు. మిరప కోతలకు వెళ్ళొచ్చే భార్యకు మంట సంగతి కొత్త కాదు.

"రుద్దమాక. చన్నీళ్ళు పోసుకో. మిరప మంటన్నా నయం, సాయంత్రానికి తగ్గిద్ది" అంది, చొక్కా దూరంగా విసిరేస్తూ.

జూన్ 15

శనివారం. నిషేధం ఎత్తేసిన మొదటి తెల్లవారుజాము. ఇంజిన్ బిగించారు. బోటును నీళ్ళలోకి తోసేముందు అతను జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి డొక్క మీద కొట్టుకుంటూ నడిచాడు. పాత బోటు, వాలు, అతుకు, వాలు, పాత బోటు. టంగ్, టంగ్, టంగ్, టంగ్. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవికి తెలియలేదు. కంటికి మాత్రం తెలుస్తోంది. జనవరి అతుకులా మెరవడం లేదు. చెయ్యి వేస్తే కొంచెం గరుకు.

పది గంటలకు తిరిగొచ్చారు. రొయ్య తక్కువ, చిన్న చేప ఎక్కువ. బోటు అడుగున నీళ్ళు ఉన్నాయి, వల నుంచి కారినవి. బకెట్ తియ్యలేదు.

ఒడ్డున ఇంకో బోటు యజమాని ఎదురొచ్చాడు. డిసెంబరులో తాడు తెగిన బోటు అతనిదే. దాని ముక్కు కూడా చితికింది. ఆర్నెల్లుగా తారు పూసి నెట్టుకొస్తున్నాడు. చేతిలో పెద్ద రెజిన్ డబ్బా.

"నీది బాగా నిలబడిందంట గదన్నా. పది కిలోలు తెచ్చా. సరిపోద్దా?"

అతను ఇంజిన్ పెట్టె తెరిచి కాగితం పొట్లం ఒకటి తీశాడు. విప్పితే లోపల కాలిన గాజు గుడ్డ పొరలు, పడుగూ పేకా చెదరకుండా. ఎదుటివాడు అర్థంకాక చూస్తుంటే, అతను అగ్గిపెట్టె కోసం జేబు తడుముకున్నాడు.

"డబ్బా మూత తియ్యమాక. ముందు మీ బోటు ముక్క ఒకటి కాల్చి చూద్దాం, దా."